రక్తవస్త్రము: దాని చరిత్రము, దాని మర్యాద



వార్షిక మహాసభ సంచికకు చరిత్రవిషయమైన వ్యాసమొకటి వ్రాయవలసినదని సంఘకార్యనిర్వాహకులు నన్ను కోరిరి. నేను ముప్పదియైదేండ్లు పాఠశాలలో సంస్కృతాంధ్రములు బోధించి విశ్రాంతి గొన్నవాడను. శబ్దముల పుట్టుపూర్వోత్తరములు వెదకుట నా వృత్తి. నూలు తీసి, రంగు వేసి, బట్ట నేయుట మన కులవృత్తి. ఈ రెండు వృత్తులును కలిసికొను తావొకటి కలదు. అదియే ఎఱుపు. ఎఱ్ఱని వస్త్రము ధరించిన మనుష్యుని చూచినప్పుడు చూపఱుల మనస్సు ఏల కదలును? ఆ కదలికకు కారణము రంగునందున్నదా, ధరించినవారియందున్నదా, లేక చూచువారియందున్నదా? ఈ ప్రశ్నకు సమాధానము గ్రంథములలో కంటె మన అద్దకపువారి కాగులలోనే స్పష్టముగా దొరకునని నా నమ్మకము. ఆ సమాధానమునుబట్టి మన సంఘము చేయవలసిన పనియు నొకటి కలదు. దానిని తుదను మనవి చేసెదను.

రంగు, రాగము

సంస్కృతమున రంజధాతువునకు రంగు వేయుట యని యర్థము. ఆ యొక్క ధాతువునుండి పుట్టిన సంతానము మిక్కిలి విస్తారమైనది. రంగు వేయబడినది రక్తము. అందుచేత ఎఱ్ఱనిదియు రక్తమే, దేహమున ప్రవహించు నెత్తురును రక్తమే, ఒకరియందు మనసు పడినవాడును రక్తుడే. రంగు రాగము, ప్రేమయు రాగమే, గాయకుడు పాడునదియు రాగమే. మనస్సున కంటుకొన్న రంగు అనురాగము. అది విడిచిపోయినచో విరాగము. బట్టలుతుకు రజకుని పేరును ఈ ధాతువునుండి వచ్చినదే. ప్రజలను రంజింపజేయువాడు గనుక రాజు అను నిర్వచనమును కాళిదాసు రఘువంశమున నిలిపెను.

ఇందొక విశేషమును గమనింపవలయును. నీలిమందుతో అద్దినదియు రంగు బట్టయే. పసుపుతో తడిపినదియు రంగు బట్టయే. అయినను "రంగు వేయబడినది" యను మాటను మన పూర్వులు ఎఱుపునకే విడిచిపెట్టిరి. వారి దృష్టిలో రంగన్న ఎఱుపే. తక్కినవన్నియు దాని తరువాతివే.

తెలుగు భాషయు ఈ విషయమున వెనుకబడలేదు. ఎఱుపు, కెంపు, తొగరు, జేగురు, కావి యని మనకు వేర్వేఱు మాటలు కలవు. చెందామర, చెంగలువ, చెంగావి యని ముందు చేరు మాట యొకటి కలదు. చెంగావి చీర యన్నంతనే తెలుగువాని కన్నుల యెదుట నొక నిండు యిల్లాలు నిలుచును. తెల్లచీర యన్నంతనే యెవరు నిలుతురో నేను చెప్పనక్కఱలేదు. రెండును మన మగ్గముల మీది బట్టలే. రెంటిని నేసిన చేయియు నొక్కటే.

మూడు రంగులు, మూడు ప్రేమలు

పదునాలుగవ శతాబ్దివాడైన విశ్వనాథకవిరాజు సాహిత్యదర్పణమున ప్రేమను మూడు విధములుగా విభజించి, వానికి రంగుల పేర్లు పెట్టెను. నీలీరాగము పైకి అంతగా మెఱయదు గాని విడిచిపోదు. కుసుంభరాగము మిక్కిలి మెఱయును గాని విడిచిపోవును. మంజిష్ఠారాగము మెఱయును, విడిచిపోకయు నుండును. ఇందు ఉత్తమము మూడవది యని వేఱుగ చెప్పనేల?

ఈ విభాగమును పాఠము చెప్పునప్పుడు పండితులు నాయికానాయకుల నుదాహరింతురు. కాని దీనికి మూలము రంగుల కాగు. కుసుంభము అనగా మన చేలలో నూనెకొఱకు పండించు కుసుమ. దాని పూవునుండి తీసిన ఎఱుపు కన్నులు చెదరజేయును. కాని యెండకు వెలియును, చాకిరేవున సవుడునీటికి కరగిపోవును. మంజిష్ఠ యొక తీగ. దాని వేరునందలి ఎఱుపు బట్ట చినుగువఱకును నిలుచును. అలంకారికుడు ఈ సంగతిని ఎవరినుండి నేర్చెను? రంగు వేసి, ఉతికి, ఆరవేసి, ఏ రంగు నిలిచినదో, ఏది పోయినదో తరతరములుగా పరీక్షించినవారు మనవంటివారు. శాస్త్రము వారి యనుభవమును గ్రహించినది. వారి పేరును మాత్రము చెప్పలేదు.

అంతేకాదు. బ్రాహ్మణుడు ఆపత్కాలమున వైశ్యవృత్తితో జీవింపవలసివచ్చినను విక్రయింపగూడని వస్తువులలో రంగుబట్టను మనుస్మృతి చేర్చినది. ఆ బట్టను కట్టుటకు పెండ్లికూతురు పనికివచ్చును, దేవతకు సమర్పించుటకు పురోహితుడు పనికివచ్చును, అమ్ముటకు మాత్రము వేఱొకడు కావలయును. ఆ వేఱొకడే మన పూర్వుడు.

పటికయొక్క మహిమ

సింధునదీతీరమున మొహెంజొదారో త్రవ్వకములలో, వెండిపాత్ర నంటుకొని యొక నూలుగుడ్డ పేలిక దొరికినది. దానికి మంజిష్ఠజాతి వేరుతో రంగు వేసిరని పరీక్షకులు తేల్చిరి. అది నాలుగువేల యేండ్లకు పైబడినది. ఇందలి గొప్పతనము నేతవారికి తెలియును. పట్టును, ఉన్నియు రంగును సులభముగా త్రాగును. నూలు త్రాగదు. నూలుచేత ఎఱుపును త్రాగించుట యను విద్య యంత ప్రాచీనకాలముననే ఈ దేశమున కలదన్నమాట.

ఆంధ్రతీరమున ఈ విద్యకు ఆధారమైనది చిరివేరు. సముద్రతీరపు ఇసుకనేలలలో మొలచు చిన్నమొక్క. చూచుటకు గడ్డివలె నుండును. దాని సన్నని వేరునందు ఎఱుపు దాగియుండును. మచిలీపట్టణమున అద్దకపువారు అవలంబించిన పద్ధతి యిట్టిది. ముందుగా బట్టను బాగుగ ఉతికి, కరక్కాయల కషాయమునందు గేదెపాలు కలిపి, అందు తడిపి ఆరవేయుదురు. పాలలోని క్రొవ్వు, పైన వ్రాయబోవు నీరు బట్టపై ప్రాకిపోకుండ పట్టియుంచును. పిమ్మట ఎఱుపు కావలసిన తావులందు పటికనీటిని అద్దుదురు. ఏటినీట జాడించిన తరువాత, చిరివేరు వేసి మరగించు కాగులో బట్టను ముంచుదురు. పటిక తగిలినచోట ఎఱుపు గట్టిగా పట్టును. తగులనిచోట అంటిన కొలదిపాటి రంగు, పేడనీట నానవేసి యెండలో తడుపుచు ఆరవేయుచుండగా, నాలుగు దినములలో విడిచిపోవును.

ఈ క్రియలో నొక తత్త్వము కలదు. ఎఱుపు వేరులో నున్నది. బట్ట తెల్లగ నున్నది. పటికనీటికి తన రంగు లేదు. అయినను బట్టపై ఎఱుపు ఎచ్చట నిలువవలయునో, ఎచ్చట నిలువగూడదో నిర్ణయించునది ఆ రంగులేని పటికయే. చూచువాడు ఎఱుపును చూచి మెచ్చుకొనును. పటికను ఎవ్వరును చూడరు. ఈ మాటను పాఠకులు జ్ఞాపకముంచుకొనవలయునని ప్రార్థించుచున్నాను. నేను చెప్పబోవునదంతయు దీనిపై నాధారపడియున్నది.

ఎఱుపుకై సముద్రములు దాటివచ్చినవారు

డచ్చివారు 1606లోను, ఇంగ్లీషువారు 1611లోను మచిలీపట్టణమున వర్తకస్థానములు నెలకొల్పిరి. వారికి కావలసినవానిలో ముఖ్యమైనవి మన రంగుబట్టలు. ఆ బట్టలు తూర్పుద్వీపములకు పోయి, అక్కడ సుగంధద్రవ్యములకు మాఱకముగా చెల్లుచుండెను. మచిలీపట్టణమున కొన్నియేండ్లు వర్తకము చేసిన విలియం మెథ్వోల్డు గోల్కొండ రాజ్యమును వర్ణించి వ్రాసినది 1626లో ప్రకటితమయ్యెను. చిరివేరు ఎఱుపును ఈ దేశీయులు ఎంత గొప్పగా నెంచుచుండిరో, రాజు దానిని తన సొంత సరకుగా ఎట్లుంచుకొనెనో అతడందు తెలిపెను. గడ్డిమొక్క వేరునకు రాజశాసనము కాపుండుట ఎఱుపుయొక్క మహిమయే.

ఫ్రెంచి దేశపు జెసూటు మతగురువు కేర్దూ తెలుగును చక్కగ నేర్చినవాడు. ఆయన అద్దకపువారి నడిగి, ఈ విద్యయొక్క క్రమమునంతటిని 1742లో తన దేశమునకు ఉత్తరరూపమున వ్రాసి పంపెను. తాతతండ్రులనుండి నోటిమాటగా వచ్చిన రహస్యము ఆ విధముగా సముద్రము దాటినది.

ఈ బట్టలు ఐరోపా స్త్రీలను ఎంతగా నాకర్షించెననగా, అక్కడి ప్రభుత్వములు భయపడెను. ఫ్రాన్సుదేశము 1686లో వీనిని నిషేధించి, 1759వఱకును ఆ నిషేధమును విడువలేదు. ఇంగ్లండున 1721నాటి శాసనము అద్దకపు నూలుబట్టలు ధరించుటనే నేరముగా చేసెను. అది 1774వఱకు నడచెను. అంతకుముందే, 1719లో, లండను నగరపు స్పిటల్‌ఫీల్డ్సు పట్టునేతగాండ్రు అద్దకపుబట్టలు తొడిగిన స్త్రీలను నడివీథిలో పట్టుకొని, వారి వంటిమీది బట్టలను చించివేసిరి. వారును నేతవారే. తమ కూడు పోవుచున్నదను భయము వారిని అట్లు చేయించెను. కాని ఒక స్త్రీ ఏ రంగు కట్టవలయునో, ఏది విప్పవలయునో బజారున నిలిచి నిర్ణయించుటకు తమకధికారము కలదని వారు తలంచిరి. ఈ తలంపు ఒక్క లండను నగరమునకే చెందినది కాదని ముందు చూతము.

మంగళకరమైన ఎఱుపు

మన యిండ్లలో ఎఱుపు లేక శుభకార్యము లేదు. లలితాసహస్రనామములలో అమ్మవారి కటివస్త్రము కుసుంభముతో అద్దిన ఎఱ్ఱని వస్త్రముగా వర్ణింపబడినది. మన మగ్గముపైనుండి పెండ్లిపీటలకు పోవు మధుపర్కములు తెల్లని నూలుబట్టలైనను ఎఱ్ఱని అంచు లేక పూర్తికావు. పెండ్లికూతురి పాదములకు పారాణి పెట్టుదురు. వధూవరులు గడపలో నడుగిడినప్పుడు ఎఱ్ఱనీళ్ళతో దిష్టి తీయుదురు.

పారాణికిని, ఎఱ్ఱనీళ్ళకును, నుదుటి కుంకుమకును మూలము పసుపే. పసుపులో సున్నము చేరినంతనే ఎఱుపగును. రెండు చిన్నవస్తువులు కలిసి, రెంటిలోను లేని మూడవ రంగు పుట్టుట చూచి మన పూర్వులు దానిని వివాహమునకు చిహ్నముగా గ్రహించిరేమో యని తోచును. ఆడబిడ్డకు పుట్టినింటివారిచ్చు భూమినిగూడ "పసుపుకుంకుమల క్రింద ఇచ్చితిమి" అందురు. చిటికెడు ఎఱుపు ఎకరముల భూమికి మాఱుపేరైనది.

ఎఱుపు దూరమునుండి కనబడును. అందుచేతనే రైలుస్టేషనులో సామాను మోయువారికి ఎఱ్ఱచొక్కా తొడిగిరి. కుంపిణీ కాలమున చెన్నపట్టణపు సిపాయికి ఎఱ్ఱకోటు తొడిగిరి. మొదటివానికి అది కూలికి గుఱుతు. రెండవవానికి అది అధికారమునకు గుఱుతు. ఎఱుపు ఒక్కటియే యైనను చూచువాని మనస్సున కలుగు భావము వేఱు.

మఱియొక ఎఱుపు

ఇక గ్రంథములలోని మఱియొక ఎఱుపును చూడుడు. శూద్రకుని మృచ్ఛకటికమున పదవ అంకమునందు నిరపరాధియైన చారుదత్తుని వధ్యస్థానమునకు కొనిపోవుచుందురు. అతని మెడలో గన్నేరుపూలదండ. దేహమంతట రక్తచందనపు చేతిముద్రలు. రక్తచందనము మన శేషాచలపు కొండలలో పెరుగు చెట్టు. దేవతార్చనలో పూజాద్రవ్యమైన దానిని పూసియే అతనిని చంపబోయిరి. పెండ్లికుమారునికివలె అలంకరించి చావునకు నడిపించుటలోని క్రౌర్యమును కవి మన కన్నులయెదుట నిలిపెను. శత్రువధకొఱకు చేయు శ్యేనయాగమున ఋత్విజులు ఎఱ్ఱని తలపాగలు చుట్టుకొనవలెనని శ్రుతి విధించినది. మీమాంసకులు దానినెత్తి చర్చించిరి. మంగళమునకు ఎఱుపు, మారణమునకును ఎఱుపే.

సన్న్యాసి కట్టు కావిగుడ్డయు ఎఱుపులో నొక చాయయే. రాగమును విడిచినవాడు రాగపు రంగునే కట్టుకొనును. ఇల్లాలి చెంగావికిని యతి కావికిని నడుమనున్న దూరము రంగులో కొంచెమే. అర్థములో నింగికిని నేలకును గల దూరము.

అన్నింటికంటె నాశ్చర్యకరమైనది మఱియొకటి కలదు. భర్త గతించిన స్త్రీకి తెల్లచీరయే శాస్త్రసిద్ధమని మనలో ననేకులు నమ్మియున్నారు. కాని మన పొరుగున కన్నడదేశమునను, మహారాష్ట్రమునను, పూర్వకాలమున కొన్ని బ్రాహ్మణకుటుంబములలో వితంతువునకు శిరోముండనము చేయించి, అంచులేని ఎఱ్ఱని చీరనే కట్టనిచ్చుచుండిరి. ఏ ఎఱుపును మనము అయిదవతనమునకు గుఱుతుగా ఒకరికిచ్చుచుంటిమో, ఆ ఎఱుపునే వారు దుఃఖమునకు గుఱుతుగా మఱియొకరికి కప్పుచుండిరి. ఇక్కడ ఎఱుపు విప్పించుట శిక్ష. అక్కడ ఎఱుపు కట్టించుట శిక్ష.

దీనినిబట్టి నిశ్చయమగునది యేమి? మంగళము ఎఱుపులో లేదు. అమంగళము తెలుపులో లేదు. రంగు వేరులోనిది. దాని యర్థము మనుష్యులది. ఎవరి నుదుట ఎఱుపు నిలువవలయునో, ఎవరి నుదుట నిలువగూడదో నిర్ణయించు పటిక జనాభిప్రాయము. పటికవలెనే అదియు కంటికి కనబడదు. కనుకనే శాస్త్రమే చేసినదని, దైవమే చేసినదని భ్రమపడుచున్నాము.

1856వ సంవత్సరము

ఈ చరిత్రలో 1856వ సంవత్సరము మఱవరానిది. ఆ యేట రెండు సంగతులు జరిగెను. ఒకదానికిని రెండవదానికిని సంబంధము లేదు. కాని రెండును మన యిండ్లను తాకినవి.

మొదటిది. లండను నగరమున పెర్కిను అను పదునెనిమిదేండ్ల బాలుడు బొగ్గుతారునుండి ఒక ఊదారంగును తయారుచేసెను. దానితో కృత్రిమపు రంగుల యుగమారంభమయ్యెను. 1868లో జర్మను శాస్త్రజ్ఞులు గ్రేబె, లీబర్‌మను అనువారు మంజిష్ఠలోని రంగుపదార్థమైన అలిజరినును బొగ్గుతారునుండియే తయారుచేసిరి. మన చిరివేరు ఎఱుపునకు ముఖ్యకారణమును ఆ అలిజరినే. కొన్ని యేండ్లలోనే డబ్బాలలో దిగుమతియగు చౌకరంగు వచ్చిపడెను. వేరు పండించువారును, త్రవ్వువారును, అమ్మువారును పనిలేనివారైరి. ఒకప్పుడు రాజు కాపుండిన మొక్క ఇసుకలో అనాథయయ్యెను.

అయినను మనవారు చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. చీరాల నేతవారు ఆ అలిజరినునే గైకొని, ఆముదపు కాయల బూడిద నీటిలోను నూనెలోను నూలును దినములతరబడి మర్దించి, చిట్కి కట్టి, ఎఱుపు, నలుపు, తెలుపుల తేలియా రుమాళ్ళను నేసి, అరబ్బు దేశములకు పంపిరి. ఆ విద్య తెలంగాణములోని పుట్టపాకయందు నేటికిని జీవించియున్నది. 2020లో దానికి భౌగోళిక గుర్తింపు లభించినది. గమనింపుడు: అలిజరిను వేరునుండి వచ్చినను, తారునుండి వచ్చినను, పటిక లేక నిలువదు. వేరు పోయినది, పటిక పని పోలేదు.

రెండవది. ఆ 1856లోనే హిందూ వితంతువుల పునర్వివాహమును చట్టసమ్మతముగా చేయు శాసనము పుట్టెను. దానికొఱకు ఈశ్వరచంద్ర విద్యాసాగరుడు పరాశరస్మృతి నాధారముగా చూపి వాదించెను. తెలుగునాట కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1881వ సంవత్సరము డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున తొలి వితంతువివాహమును జరిపించిరి. వారు పడిన కష్టములు లోకవిదితములు. శాసనము విధవకు వివాహమును తిరిగి ఇచ్చినది. కాని వివాహము చేసికొనని విధవకు ఆమె నుదుటి ఎఱుపును ఏ శాసనమును తిరిగి ఇయ్యలేదు. అది శాసనము చేయగల పనియు కాదు.

మన యిండ్లలో జరుగుచున్నది

ఇక మన సంగతికి వచ్చెదను. పాఠకులు మన్నింపవలయును, ఇది ఉత్సవసంచికయని యెఱుగుదును. కాని ఉత్సవమునకు వచ్చుటకు వీలులేనివారిని గూర్చి ఉత్సవమునందే మాటలాడవలయును.

తెలుగునాట అనేక కులములలో పూర్వము మారుమనువు ఆచారముండెను. భర్త పోయిన పడుచు మఱల గృహిణియగుచుండెను. పెద్దకులముల ననుకరించినగాని గౌరవము లేదని తలంచి, కొందఱు ఆ మంచి యాచారమును క్రమముగా విడిచి, వారి చెడ్డయాచారమును మాత్రము గట్టిగ పట్టుకొనిరి. మగడు పోయిన పదియవదినమున పలుచోట్ల నేటికిని జరుగునదేమి? పుట్టినింటివారు క్రొత్తచీర తెత్తురు. ఆమెకు కడసారిగా పసుపు రాచి, కుంకుమ దిద్ది, పూలు ముడిచి, చేతులనిండ గాజులు తొడుగుదురు. పిమ్మట ఆ కుంకుమను తుడిచివేయుదురు. ఆ గాజులను చిట్లగొట్టుదురు. చారుదత్తునికి దండవేసి వధ్యస్థానమునకు నడిపించిన తలవరులకును మనకును భేదమేమి? చారుదత్తునికి కడపట విడుదల దొరకినది. ఈమెకు దొరకదు.

ఆ దినమునుండి ఆమె తన కూతురి పెండ్లిలో వెనుకగదిలో నుండును. కన్నకూతురికి తలంబ్రాలచీర కట్టుటకు ఆమె చేయి పనికిరాదు. హారతి పళ్లెము పట్టుటకు పనికిరాదు. ఆ చీరకు నూలు తోడినది ఆమె. ఆసు పోసినది ఆమె. ఆ అంచునకు ఎఱ్ఱనూలు ఏర్చికూర్చినది ఆమె. చేతితో ఎఱుపును చేయవచ్చును. ఆ చేతితో ఎఱుపును తాకరాదు! మనువు మన పూర్వునకు విధించిన దానికంటె ఇది కఠినము. అతనికి అమ్ముటయైనను దక్కెను.

కొందఱు పెద్దలు రెండు ఆక్షేపణలు చెప్పుదురు. కుంకుమ భర్తతో వచ్చినది గనుక భర్తతో పోవలయునని మొదటిది. ఇది ప్రత్యక్షవిరుద్ధము. ఉయ్యాలలోని ఆడశిశువునకు తల్లి బొట్టు పెట్టును. ఆ బొట్టు ఏ భర్త తెచ్చెను? తల్లి పెట్టినదానిని తుడుచుటకు పోయినవానికి గాని, ఉన్నవారికి గాని హక్కు లేదు. పైగా భార్య గతించిన పురుషుడు తన యెఱ్ఱంచు పంచెను విప్పుచున్నాడా? ఎవ్వరును విప్పుమని కోరుటలేదు, కోరనవసరమును లేదు. దుఃఖము ఇద్దఱికిని సమానమైనప్పుడు రంగు ఒకరికే పోనేల?

శాస్త్రాచారములు అనాదులు గనుక మార్పరాదని రెండవది. శాస్త్రములు ఏకకంఠముగ పలుకవని విద్యాసాగరుని వాదమే చాటుచున్నది. ఆచారమన్నచో, తెలుగునాట తెలుపును, పొరుగుదేశమున ఎఱుపును విధించిన ఆచారము అనాదియెట్లగును? ఊరూరికి మాఱునది మనుష్యులు పెట్టుకొన్నదే. పెట్టుకొన్నవారు తీసివేయవచ్చును.

తీసివేయుట అసాధ్యము కాదని చూపినవారును కలరు. మహారాష్ట్రమున కొల్హాపురము జిల్లాలోని హేర్వాడు గ్రామపంచాయతి 2022వ సంవత్సరము మే నెలలో, భర్త గతించిన స్త్రీకి కుంకుమ తుడుచుట, గాజులు పగులగొట్టుట, మంగళసూత్రము తెంచుట మొదలగువానిని గ్రామమున మానవలయునని తీర్మానించినది. ఆ నెలలోనే ఆ రాష్ట్ర ప్రభుత్వము తక్కిన గ్రామములును ఆ మార్గము ననుసరింపవలెనని కోరినది. అది పెద్ద పట్టణము కాదు, పండితపరిషత్తు కాదు, పల్లెటూరు. అచ్చటివారు పటికను మార్చిరి.

మహాసభకు విన్నపము

కావున ఈ మహాసభవారికి నా విన్నపమిది. మన కులమునకు చెందిన యేయింటను పదియవదినమున బొట్టు తుడుచుట, గాజులు చిట్లగొట్టుట అనునవి జరుగగూడదని సభ తీర్మానింపవలయును. తీర్మానము కాగితముపై నిలిచిన చాలదు. ఆ దినమున కులపెద్దలు ఆ యింటికి పోయి, అది జరుగకుండ చూడవలయును. పుట్టినింటివారు తెచ్చు చీరకు అంచుండవలయును. ఎఱుపు కట్టుమని ఎవరిని నిర్బంధింపవలదు. తెలుపే తన మనస్సునకు నచ్చినదన్న తల్లికి తెలుపే శోభ. కాని కట్టుటయు మానుటయు ఆమె యిష్టమే కావలయును. మన పెండ్లిండ్లలో కన్నతల్లి, ఆమె సువాసినియైనను కాకున్నను, పీటల దగ్గఱ నిలువవలయును. హారతిపళ్లెము ముందుగ ఆమె చేతి కియ్యవలయును. వచ్చే యేటి మహాసభలో జ్యోతిప్రజ్వలనమునకు మన కులమున భర్తను కోల్పోయియు మగ్గము విడువక బిడ్డలను పెంచిన తల్లులలో నొకరిని పిలువవలయును.

దీనితోపాటు, ధనవంతులైన పోషకులకు ఇంకొక మాట. చిరివేరు ఎఱుపును నూలుపై నిలుపు విద్య నేర్చుకొనగోరు మన బాలబాలికలకు సంఘమునుండి వేతనములు ఏర్పఱుపుడు. అందు భర్త గతించిన స్త్రీలకు మొదటి స్థానమిండు. ఎఱుపును చేయు విద్య వారి చేతిలో నుండినచో, అది వారి నుదుట నిలుచుటను ఎవ్వరును ప్రశ్నింపజాలరు.

మంజిష్ఠారాగము మెఱయునది, విడిచిపోనిది అని అలంకారికులు చెప్పిరి. మన మన యాడుబిడ్డలపై గల ప్రేమ అట్టిదని మనము చెప్పుకొనుచున్నాము. పెండ్లినాడు మెఱసి పదియవదినమున విడిచిపోవు ప్రేమకు వారు పెట్టిన పేరు వేఱు, అది కుసుంభరాగము. ఈ రెంటిలో మనది యేదియో ఈ మహాసభ తేల్చుగాక.

స్వస్తి.